వైపరీత్యాలు మలచిన మన నేల
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రకృతి వైపరీత్యాలు భూమినీ, దాని మీద బతికే జీవుల నివాసాలనూ ఎలా మారుస్తాయో కొంచెం సేపు ముచ్చటించమని కార్యదర్శిగారు కోరారు. వైపరీత్యం అనగానే మనకు కోస్తా తుఫానులు గుర్తుకు వస్తాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన గుర్తుకు వస్తుంది. మనకు సముద్రం లేదు, అగ్నిపర్వతం లేదు, మనం గట్టి నేల మీద ఉన్నాం, మనకేం భయం అనుకుంటాం. కాని మిత్రులారా, మనం గట్టి నేల అనుకుంటున్నదే ఒక మహా వైపరీత్యం నుండి పుట్టింది. మన గుట్టల వైపు కురిసిన వాన కూడా ఒకనాడు హైదరాబాదు నగరంలో వేలమంది ప్రాణాలు తీసిన వరదలో కలిసింది. ఈ రెండు సంగతులు చెప్పి, చివరకు మన చేతిలో ఉన్న ఒక చిన్న పని గురించి మనవి చేస్తాను.

సముద్రం మీద లావా

ముందు తాండూరు నుండి మొదలుపెడదాం. తాండూరు అంటే నాపరాయి. మన ఇళ్ళలో నేల మీద పరిచింది అదే, బడి వరండాల్లో పరిచింది అదే. సిమెంటు కర్మాగారాలు ఇక్కడికి వచ్చింది కూడా ఆ సున్నపురాయి కోసమే. ఈ రాయి ఒకప్పుడు సముద్రపు అడుగు. ఏభై కోట్ల సంవత్సరాలకు పూర్వం ఇక్కడ లోతులేని సముద్రం ఉండేది. దాని అడుగున సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుని రాయి అయింది. అందుకే నాపరాయి పలకలు పలకలుగా లేస్తుంది. కర్ణాటకలోని షాబాద్ బండ కూడా ఈ కుటుంబానిదే. ఈ ప్రాంతాన్ని భూగర్భ శాస్త్రజ్ఞులు భీమా పరీవాహం అంటారు.

సముద్రం తొలగిపోయింది. ఎన్నో కోట్ల సంవత్సరాలు గడిచాయి. ఇప్పటికి దాదాపు ఆరు కోట్ల అరవై లక్షల సంవత్సరాల క్రితం దక్కనులో భూమి నెర్రెలు విచ్చి లావా పొంగింది. ఒక కొండ నోటి నుండి ఎగజిమ్మిన అగ్నిపర్వతం లాంటిది కాదది. పొడవైన పగుళ్ళలో నుండి కరిగిన రాయి వరదలాగా పారింది. గట్టిపడింది, ఆగింది, మళ్ళీ పారింది. ఈ విధంగా లక్షల సంవత్సరాలు జరిగింది. ఈనాటికీ అయిదు లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ నల్లరాయి మిగిలి ఉంది. పడమటి కనుమల దగ్గర దాని మందం కిలోమీటరు దాటుతుంది. మన వికారాబాద్ వైపు వచ్చేసరికి పలచబడుతుంది, ఎందుకంటే మనం ఆ లావా మైదానపు తూర్పు అంచున ఉన్నాం. ఈ రాళ్ళకు దక్కను ట్రాప్స్ అని పేరు. ట్రాప్ అనే మాట స్వీడన్ భాషలో మెట్లు అనే అర్థమిచ్చే మాట నుండి వచ్చింది. పొరలు పొరలుగా గట్టిపడిన లావా గుట్టలు దూరం నుండి మెట్లలాగే కనిపిస్తాయి.

ఆ నల్లరాయి ఎండకూ వానకూ చివికి నల్లరేగడి అయింది. ఆ రేగడిలోనే మన కంది, జొన్న, శనగ పండుతున్నాయి. 2022లో తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మనమందరం సంతోషించాం. ఆ పప్పు రుచి వెనుక రైతు కష్టం ఉంది, దాని వెనుక ఈ నేల ఉంది, నేల వెనుక ఆనాటి లావా ఉంది.

ఇక అనంతగిరి సంగతి. గుట్ట మీద తవ్వితే ఎర్రటి మొరం రాయి వస్తుంది. అదీ ఆ లావా రాయే. వేడిమిలో, తడిలో యుగాల తరబడి నానగా నానగా సారమంతా కొట్టుకుపోయి, ఇనుము, అల్యూమినియం మిగిలి ఎర్రబడింది. ఈ ఎర్రరాయిలో సందులు ఎక్కువ. వాన నీటిని స్పంజిలాగా పీల్చుకుంటుంది, కింద ఉన్న గట్టిరాయి ఆ నీటిని దిగనివ్వదు, అది మెల్లగా ఊటలై బయటికి వస్తుంది. అనంత పద్మనాభస్వామి సన్నిధి నుండి ముచికుందా నది, అంటే మన మూసీ, బయలుదేరుతుందని చెప్పుకుంటాం. భక్తితో చెప్పుకునే మాటకు భూమి ఇచ్చిన ఆధారం ఇది. అడవి పచ్చగా ఉండటానికీ, గుట్ట చుట్టూ బావుల్లో నీళ్ళు ఉండటానికీ ఆ ఎర్రరాయి ఎంతో కారణం.

నస్కల్ పలుకులు

లావా ఒకసారి పారి, మళ్ళీ పారడానికి మధ్య వేల సంవత్సరాల వ్యవధి ఉండేది. ఆ వ్యవధిలో గట్టిపడిన రాయి మీది పల్లాల్లో నీళ్ళు నిలిచి చెరువులయ్యేవి. చుట్టూ చెట్లు మొలిచేవి. చేపలు, కప్పలు, మొసళ్ళు చేరేవి. తరువాత మళ్ళీ లావా వచ్చి అన్నిటినీ కప్పేసేది. ఆ చెరువు బురద రెండు లావా పొరల నడుమ నేటికీ పలచని పొరగా ఉంది.

అటువంటి పొర మన పరిగి వైపు నస్కల్ గ్రామం దగ్గర ఉంది. అక్కడి మట్టిని జల్లెడ పట్టి, సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, గుంటుపల్లి వి. ఆర్. ప్రసాద్, అశోక్ సహ్ని అనే శాస్త్రజ్ఞులు ఒక చిన్న జంతువు పళ్ళను కనిపెట్టారు. 1988లో ఆ వివరం 'నేచర్' అనే ప్రఖ్యాత పత్రికలో వెలువడింది. భారతదేశంలో క్రెటేషియస్ యుగం నాటి పాలిచ్చే జంతువు దొరకటం అదే మొదటిసారి. దానికి డెక్కనోలెస్టిస్ అని పేరు పెట్టారు. చుంచెలుక వంటి చిన్న ప్రాణి, పురుగుల్ని తినేది. దాని మడమ ఎముకలను బట్టి చెట్లెక్కే జంతువని తరువాత చెప్పారు.

ఆ ప్రాణి బతికిన కాలాన్ని ఒకసారి ఆలోచించండి. ఒక పక్క లావా, విషవాయువులు. దాదాపు ఆ రోజుల్లోనే మెక్సికో వైపు ఒక పెద్ద గ్రహశకలం వచ్చి పడింది. రాక్షస బల్లులు తుడిచిపెట్టుకుపోయాయి. కారణంలో లావా పాలెంత, గ్రహశకలం పాలెంత అని శాస్త్రజ్ఞులు చాలాకాలం వాదించుకున్నారు. కాని చిన్నచిన్న పాలిచ్చే జంతువులు కొన్ని తట్టుకున్నాయి. కొంచెం తిండితో బతకగలవు, కన్నాల్లో, తొర్రల్లో దాక్కోగలవు. ఆ వంశాల వారసులే తరువాత ఖాళీ అయిన భూమిని నింపాయి. ఆ వరసలో చివరకు మనమూ వచ్చాం.

అయితే ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. విధ్వంసం నుండి సృష్టి వస్తుంది కాబట్టి వైపరీత్యం మంచిదే అనే వాళ్ళున్నారు. లావా కింద కాలిపోయిన కప్పకు మన కందిపప్పు వల్ల ఒరిగిందేమీ లేదు. నేల కోలుకోవడానికి పట్టే కాలం వేరు, మనిషి కోలుకోవడానికి ఉన్న కాలం వేరు. భూమి లెక్కలో లక్ష సంవత్సరాలంటే ఒక డీఏ వాయిదా పడినంత. మనకేమో ఆ వాయిదా కూడా బరువే!

మన కళ్ళ ముందు మారిన నేల

ఇవన్నీ ఏనాటివో కదా, మన జీవితకాలంలో నేల మారుతుందా అని మీరడగవచ్చు. 2004 డిసెంబరు 26నాటి సునామీ మనందరికీ తెలుసు. అలలు చేసిన నష్టం పేపర్లలో చూశాం. ఆ భూకంపం వల్ల కొన్ని నిమిషాల్లో దీవులే పైకీ కిందికీ కదిలిన సంగతి మాత్రం చాలామంది దృష్టికి రాలేదు. దేశపు దక్షిణపు కొస అయిన నికోబార్ లోని ఇందిరా పాయింట్ వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. అక్కడి దీపస్తంభం మొదలు సముద్రంలోకి వెళ్ళింది. ఉత్తర అండమాన్ వైపు నేల సుమారు ఒక మీటరు లేచింది. నీటి అడుగున ఉండవలసిన పగడపు దిబ్బలు బయటపడి ఎండకు చచ్చిపోయాయి.

మన తెలుగువాళ్ళు ఎంతోమంది స్థిరపడిన పోర్ట్ బ్లెయిర్ ఉంది కదా, 2024 నుండి దాని పేరు శ్రీ విజయపురం. దానికి దగ్గరలో సిప్పీఘాట్ అనే చోట వరి పొలాలు ఉండేవి. నేల కుంగడంతో పొలాల్లోకి ఉప్పునీరు వచ్చి నిలిచిపోయింది. రైతుకు పొలం పోయింది. కొన్నాళ్ళకు అక్కడ నీటి పక్షులు గుంపులు గుంపులుగా దిగసాగాయి, పక్షులను చూడటానికి జనం వెళ్ళే చోటయింది. ఒకరి నివాసం పోయినచోట మరొకరికి నివాసం ఏర్పడింది. పక్షులకు మంచి జరిగిందని రైతు నష్టం తీరలేదు.

ఇంకా దగ్గరగా చెప్పాలంటే లాతూర్ ఉంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున కిల్లారి ప్రాంతంలో వచ్చిన భూకంపం దాదాపు పదివేల మందిని బలిగొంది. మన కింద ఉన్న దక్కను రాయే అక్కడా ఉంది. కదలని నేల అని అప్పటిదాకా అందరూ నమ్మిన చోటది. మట్టి అడుసుతో పేర్చిన లావుపాటి రాతిగోడలు, పైన బరువైన మట్టి కప్పులు నిద్రపోతున్న వాళ్ళ మీద పడ్డాయి. పాత ఊళ్ళను వదిలి కొత్తచోట ఊళ్ళు కట్టుకోవలసి వచ్చింది. రాతిగోడల మీద బండల కప్పు వేసుకునే అలవాటు మన తాండూరు వైపూ ఉంది. గోడల మూలలు కట్టుగా ఉన్నాయా, కప్పు మీద ఏటేటా మట్టి పోసి బరువు పెంచుతున్నామా అని చూసుకోవడం మంచిది.

1908లో ఏం జరిగింది

ఇప్పుడు మన గుట్టల సంగతికి వద్దాం. ఇక్కడ కురిసే వాన రెండు దారులు పడుతుంది. తూర్పు దారిన మూసీలో, పడమటి దారిన తాండూరు మీదుగా కాగ్నాలో పోతుంది. కాగ్నా భీమాలో, భీమా కృష్ణలో కలుస్తాయి. మూసీ హైదరాబాదు దాటి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర ఆ కృష్ణలోనే కలుస్తుంది.

1908 సెప్టెంబరు చివరి రోజుల్లో బంగాళాఖాతపు తుఫాను వల్ల ఈ పరీవాహంలో కుండపోతగా వాన కురిసింది. శంషాబాద్ లో 24 గంటల్లో దాదాపు 13 అంగుళాలు నమోదైంది. 28వ తేదీన మూసీ హైదరాబాదు నగరంలోకి వచ్చింది. దాదాపు 15 వేల మంది చనిపోయారని అంచనా. ఉస్మానియా ఆసుపత్రి దగ్గరి చింతచెట్టు ఎక్కి నూట ఏభై మంది బతికారన్న మాట మీరు వినే ఉంటారు.

మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన పరిశీలనలో ఒక ముఖ్యమైన లెక్క తేలింది. నగరానికి ఎగువన మూసీ పరీవాహంలో 788 చెరువులున్నాయి, అంటే ఇంచుమించు చదరపు మైలుకు ఒకటి. వాటిలో 221 చెరువులు తెగిపోయాయి.

ఇది మనం అర్థం చేసుకోవలసిన విషయం. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్ళు కింది చెరువుకు పోతాయి. కింది చెరువు మత్తడిని ఆ మేరకే కట్టారు. పై చెరువు కట్ట తెగితే దాని కడుపులోని నీళ్ళన్నీ ఒక్క గంటలో కింది చెరువు మీద పడతాయి. దాని మత్తడి చాలదు, అదీ తెగుతుంది. రెండింటి నీళ్ళూ కలిసి మూడోదాని మీద పడతాయి. నెలల తరబడి వాడుకోవడానికి దాచుకున్న నీళ్ళు ఒక్క రాత్రిలో వరదగా మారాయి. వాన ఎలాగూ వచ్చేదే, చెరువుల తెగుడు దాన్ని ఇంకా పెద్ద వరద చేసింది.

ఆ పాఠం నుండి 1920లో మూసీ మీద ఉస్మాన్ సాగర్, 1927లో ఈసా మీద హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరదను కొంతసేపు ఆపి మెల్లగా వదలడం వాటి మొదటి ఉద్దేశం. నగరానికి తాగునీరు దానితోపాటు వచ్చింది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి నది ఒడ్డు రూపమే మార్చింది. ఒక వరద ఒక నగరపు ముఖాన్ని మార్చిన కథ ఇది.

ఆ ప్రమాదం అంతటితో పోయిందా? 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర చెరువు తెగి రైలు కట్ట కోసుకుపోయింది, డెల్టా ప్యాసింజరు పడిపోయి వందమందికి పైగా చనిపోయారు. 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలు చెరువులయ్యాయి. నిజానికి వాటిలో చాలా భాగం చెరువుల్లోనూ, నాలాల్లోనూ కట్టినవే. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లెత్తితే ఇమ్లీబన్ బస్ స్టేషనులోకి మూసీ వచ్చింది. మన ఊరి బస్సెక్కే చోటది. నది తన పాత దారి మరచిపోలేదు, మరచిపోయింది మనమే.

మన దగ్గర ఉన్న ఆస్తి

2015లో మొదలైన మిషన్ కాకతీయలో రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులు, కుంటలను బాగుచేయాలని తలపెట్టారు. పూడిక తీసి ఆ ఒండ్రుమట్టిని పొలాలకు తోలారు. వాన కోసుకొచ్చిన మట్టి తిరిగి పొలానికి చేరడం మంచి పని. కాని చెరువు ఉన్నంత మాత్రాన సరిపోదు. చెరువుకు నీళ్ళు వచ్చే వాగు, మత్తడి దాటి నీళ్ళు పోయే కాలువ, ఈ రెండూ తెరిచి ఉండాలి. పట్టణాల చుట్టూ వెంచర్లు వెలుస్తున్న ఈ రోజుల్లో ముందు మాయమయ్యేవి ఆ రెండే. ఎండకాలంలో చూస్తే అది ఉత్త పల్లం. పది ట్రాక్టర్ల మొరం పోస్తే ప్లాటు అవుతుంది. కొనే మనిషికి తెలియదు, కంప్యూటరు రికార్డులో సర్వే నంబరు ఉంటుంది గాని ఆ నంబరులో నుండి వాన నీళ్ళు ఎటు పోతాయో ఉండదు.

ఆ సంగతి తెలిసిన వాళ్ళు ఈ హాలులో కూర్చున్నారు. రెవెన్యూలో పనిచేసిన మిత్రులకు ఏ నంబరు శిఖమో, ఏది పట్టానో, ఖాస్రా పహాణీలో ఏం రాసి ఉందో తెలుసు. నీటిపారుదల శాఖ వాళ్ళకు ఏ తూము ఏనాడు పగిలిందో తెలుసు. కరెంటు లైన్‌మన్‌గా చేసినవారికి ఏ స్తంభం మొదట్లో ఎంతదాకా నీళ్ళు నిలుస్తాయో తెలుసు. ఆర్టీసీ డ్రైవరుకు ఏ కల్వర్టు దగ్గర బస్సు ఆపి దిగి చూసి పోవాలో తెలుసు. పల్లె బడిలో చెప్పిన టీచరుకు ఏ తండా పిల్లలు వాగు వస్తే బడికి రారో తెలుసు. రాత్రివేళ కాన్పులకు వెళ్ళిన నర్సమ్మకు ఏ దారి తెగుతుందో తెలుసు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క ముక్క ఉంది. అన్నీ కలిపితే మన ప్రాంతపు నీటిదారుల పటం పూర్తవుతుంది. ఇప్పుడు కలపకపోతే, ఏటా మనం మౌనం పాటించే సంతాప సభలతో పాటు ఆ పటం ముక్కముక్కగా పోతూ ఉంటుంది.

కనుక సంఘానికి నా మనవి ఇది. ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ తనకు బాగా తెలిసిన ఒక్క ఊరిని తీసుకోవాలి. ఒక నోటు పుస్తకంలో అయిదు సంగతులు రాయాలి. ఒకటి, ఊళ్ళోని చెరువులు, కుంటల పేర్లు, ఏదాని నీళ్ళు ఏదానిలోకి పోతాయి. రెండు, ప్రతి చెరువు మత్తడి ఎక్కడ, మత్తడి కాలువ ఏ పొలాల మీదుగా, ఏ ఇళ్ళ మధ్యగా పోతుంది. మూడు, మీకు తెలిసినంతలో నీళ్ళు ఎక్కువగా వచ్చిన సంవత్సరం, ఎంతదాకా వచ్చాయి. గుడి మెట్టు దాకానా, బడి గోడ దాకానా అని గుర్తు రాయాలి. నాలుగు, ఇప్పుడు ఆ దారిలో ఏం కట్టారు, ఏం పోశారు. నాపరాయి గనుల వ్యర్థం వాగు ఒడ్డున కుప్ప పోసి ఉంటే అదీ రాయాలి. అయిదు, ఈ వివరం ఊళ్ళో ఇంకా ఎవరెవరికి తెలుసు. నీరటి కుటుంబాల వాళ్ళను, చేపలు పట్టేవాళ్ళను, గొర్రెలు కాసేవాళ్ళను తప్పక అడగాలి. వారికి తెలిసినంత మన ఫైళ్ళకు తెలియదు.

ఎవరి మీదా ఫిర్యాదుగా రాయవద్దు. చూసినది చూసినట్టు, సర్వే నంబరుతో, తేదీతో రాద్దాం. ఒక ప్రతి గ్రామ పంచాయతీకి, ఒకటి తహశీల్దారుకు, ఒకటి నీటిపారుదల శాఖకు ఇచ్చి రసీదు తీసుకుందాం. రసీదు విలువ మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. నాలుగో ప్రతి ఊరి బడికి ఇద్దాం. పిల్లలు దాన్ని పట్టుకుని ఒక ఆదివారం మత్తడి దాకా నడిచి వస్తే, ఇంకో అరవై ఏళ్ళు ఆ దారి ఎవరికో ఒకరికి గుర్తుంటుంది.

లావాను ఆపడం ఎవరి తరమూ కాదు. భూకంపం ఏనాడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. తుఫాను వాన గుట్టల మీద కురవకుండా చేయలేం. ఆ వాన కిందికి దిగే దారిలో ఇల్లు కట్టుకోకుండా చూడటం మాత్రం మన చేతిలో ఉంది. వచ్చే సమావేశానికి కనీసం పది ఊళ్ళ నోటు పుస్తకాలు ఈ బల్ల మీదికి రావాలని కోరుతున్నాను. మొదటిది నేను తెస్తాను.